సిరిమానుకన్నా ఎక్కువసార్లు తిప్పారు

కస్టమర్ సేవా విభాగాధిపతి గారికి,

విషయం: నేను ఇంకా బతికే ఉన్నానని తెలియజేయడం గురించి

అయ్యా,

విజయనగరం గంటస్తంభం దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు చేసే చిన్న స్టూడియో మాది. మీ కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతోంది. ఇంతకన్నా రాయను, మీ వాళ్లకు ఐదుసార్లు వివరించాను, ఐదుసార్లూ అప్పుడే వింటున్నట్టు విన్నారు.

మొదటి రోజు ఫోనులో 40 నిమిషాలు సంగీతం వినిపించారు. మధ్యమధ్య మీ కొత్త మోడల్ ప్రాసెసర్ ఎంత వేగమో చెప్పారు. ఖాళీగా కూర్చోలేక ఆ ప్రాసెసర్ చిప్పుల చరిత్ర చదివాను. 2000 మార్చిలో ఏఎండీ అనే చిప్పుల కంపెనీ ముందుగా ఒక గిగాహెర్ట్జ్ చిప్పు ప్రకటిస్తే, రెండు రోజులకే దాని పోటీ కంపెనీ ఇంటెల్ కూడా ప్రకటించిందట. సెకనుకు 100 కోట్ల టిక్కులు! "రెండు రోజుల్లో మేమే ఫోను చేస్తాం" అని మీరన్నది 46 రోజుల క్రితం.

తర్వాత మాట్లాడిన అబ్బాయి, లోపం ప్రాసెసర్‌లో ఉంది కాబట్టి దాన్ని తయారు చేసినవారినే అడగమన్నాడు. కంప్యూటర్‌లో బిగించి అమ్మిన చిప్పుకు అమ్మినవారిదే పూచీ అని వారన్నారు. మళ్లీ మీకు చేస్తే, ఒకమ్మాయి విశాఖ సర్వీసు సెంటర్‌కు పొమ్మంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. అక్కడి ఆయన మూత కూడా తీయలేదు. "ఇది పాతబడింది సార్, పోటీ కంపెనీ చిప్పున్నది తీసుకోండి, ఇంకా వేగం" అన్నాడు. కొని 14 నెలలు! నేను పందేనికి కొనలేదు బాబూ, నడిస్తే చాలు.

మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, ఆ సిరిమాను సైతం గుడికీ కోటకూ మధ్య మూడుసార్లే తిరుగుతుంది. నన్ను ఏడుసార్లు తిప్పారు. తిప్పినప్పుడల్లా కొత్త ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు, ప్రసాదంలాగా.

1982లో ఇంటెల్, ఏఎండీలే చిప్పుల తయారీపై ఒప్పందం రాసుకున్నాయి. ఇంటెల్ చిప్పులకు రెండో తయారీదారు ఉండాలని, వాటిని కొనే కంప్యూటర్ కంపెనీ ఐబీఎం పట్టుబట్టింది మరి. మీ ఫోను విభాగానికీ సర్వీసు విభాగానికీ అలా చెప్పే పెద్దమనిషి లేడా?

2004 నుంచి నాలుగు కంప్యూటర్లు మీవే కొన్నాను. నా మాట విని కొన్నవారు మా వీధిలోనే ఉన్నారు. ఇప్పుడు వారికి ఎదురుపడకుండా పక్క సందులోంచి వెళ్తున్నాను.

బాగుచేస్తారో, మారుస్తారో, అది తేల్చే అధికారం ఉన్న మనిషి వారంలోగా నాతో మాట్లాడాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మాట్లాడే ఆ మనిషి ఎవరైనా సరే, మళ్లీ మొదటి నుంచి చెప్పమని మాత్రం అడగకూడదు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
విజయనగరం