మీ మిల్లింగ్ మిషన్ కాలమ్ ముందుకు ఒరిగింది, మా గచ్చు కాదు

కాశీబుగ్గ,
శ్రీకాకుళం జిల్లా.

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,

విషయం: మీరు పంపిన బెంచి మిల్లింగ్ మిషన్‌లో కాలమ్ (కటర్ తిరిగే తలని మోసే నిలువు స్తంభం) వంకర, వై వైపు (ముందు వెనకలకు) తప్పు స్క్రూ, వేరే మిషన్‌కి చెందిన టెస్టు కాగితం.

అయ్యా,

మీ విశాఖపట్నం బ్రాంచిలో నేను కొన్న, తిరిగే కటర్‌తో ఇనుము చెక్కే ఈ మిషన్ ధర 2,15,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 38,700, మొత్తం 2,53,700. ఇందులో 80 వేలు మా ఆవిడ పేరున తీసుకున్న డ్వాక్రా అప్పు. బిల్లు నకలు జతచేశాను. ఇంతకుముందు మూడుసార్లు ఫోను చేశాను, రెండుసార్లు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాను. ఫోనులో చెప్పినది ఫోనులోనే పోతోంది కాబట్టి ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు పని చేస్తున్నాను. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ గురించి మీకు చెప్పక్కర్లేదు. పిక్కలు కోసే మిషన్ల బ్లేడు హోల్డర్లు, షాఫ్టుల కీవేలు, అరిగిన బ్రాకెట్లు మా ఇంటి వెనక గదిలో చేసి ఇస్తాను. రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి సూటిగా రాకపోతే గుండుగా రావలసిన పప్పు బద్దలవుతుంది. బద్దకు గుండు ధర రాదు. అందుకే మా పనిలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా షావుకారు ఊరుకోడు.

డబ్బా వచ్చిన తీరు గురించి రెండు ముక్కలే రాస్తాను. అడుగు చెక్క ఒకటి విరిగి వచ్చింది, ఎక్స్ వైపు (కుడి ఎడమలకు) నడిపే చేతి చక్రం పిడి వంగి ఉంది. లారీ వాళ్ల ముందే ఫోటో తీశాను. పిడిని వైస్‌లో పెట్టి నేనే సరిచేసుకున్నాను, దాని గురించి నా ఫిర్యాదు లేదు.

బిగింపు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ వాళ్లు మా నేల సరిగా లేదని తప్పంతా దాని మీదకే నెడుతున్నారు. నా పాత రేకుల షెడ్డు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఎగిరిపోయింది. తరువాత కట్టిన గదికి కింద కంకర దిమ్మిస కొట్టించి, ఆరు అంగుళాల కాంక్రీటు పోయించాను. నలుగురం చైన్ బ్లాకు కట్టి మిషన్ని స్టాండు మీద దించాం. తుప్పు పట్టకుండా మీరు పూసిన గ్రీజు డీజిల్‌తో కడిగి, నూనె రాసి, ఒక పూటంతా గిబ్బులు (జారే భాగాల వదులు తీసే పట్టీలు) చూసుకున్నాను. మీటరుకి 0.02 మిల్లీమీటర్లు చూపే లెవెల్‌తో టేబులుని రెండు వైపులా మట్టం చేశాను. కరెంటుకి వేరే వైరు, వేరే ఎర్తు గొయ్యి. సాయంత్రాలు ఓల్టేజీ పడిపోతుందని స్టెబిలైజరు కూడా పెట్టాను. మీ పుస్తకంలో రాసినవన్నీ చేశాను, రాయనివి కూడా కొన్ని చేశాను.

ఆపైన డయల్‌ని (మిల్లీమీటరులో వందో వంతు తేడాని ముల్లుతో చూపే గేజి) స్పిండిల్‌కి (కటర్ని తిప్పే ఇరుసు) బిగించి, 100 మిల్లీమీటర్ల చేయి పెట్టి, టేబులు మీద చుట్టూ తిప్పి చూశాను. కుడి ఎడమలకు మొదట 0.11 తేడా. తల వెనక మూడు బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి 0.02కి తెచ్చాను. అంత తేడా ఏ కొత్త మిషన్‌కైనా మామూలే.

ముందు వెనకలకు వచ్చేసరికి డయల్ 0.28 చూపించింది. ముందువైపు ముల్లు ఎక్కువ నొక్కుకుంది, వెనక తక్కువ. అంటే స్పిండిల్ పైభాగం నా వైపుకి వంగి ఉంది. ఆ దిశలో సరిచేసుకునే ఏర్పాటు మీ మిషన్‌లో లేదు. కాలమ్ కూర్చునే పీట ఎలా చెక్కితే అలాగే ఉంటుంది.

మీ మెకానిక్ వచ్చి గచ్చుని బూటుతో తట్టి, "నేల సరిగా లేదు, వారంటీ వర్తించదు" అని రాసుకుని పోయాడు. అయ్యా, మిషన్ మొత్తం ఒరిగితే టేబులూ ఒరుగుతుంది, కాలమూ ఒరుగుతుంది. రెండూ ఒకే ఇనుము మీద కూర్చున్నాయి. వాటి మధ్య మూలమట్టం నేల వల్ల ఎలా చెడుతుంది? బేసు మెలిపడితే కొంచెం మారవచ్చు, అది నాకూ తెలుసు. అందుకే అతను వెళ్లాక నాలుగు పునాది బోల్టులూ పూర్తిగా వదిలేసి మళ్లీ కొలిచాను. 0.28 కాస్తా 0.27 అయింది. మా గచ్చు వాటా ఆ 0.01 మాత్రమే. మిగతాది మీది.

ఇంకొక పరీక్ష కూడా చేశాను. టేబులు మీద పెద్ద మూలమట్టం నిలబెట్టి, డయల్ ముల్లుని దాని అంచుకి ఆనించి, తలని 100 మిల్లీమీటర్లు పైకి ఎత్తాను. ముల్లు 0.14 కదిలింది. ముందు తిప్పి చూసినప్పుడు చేయి రెండు వైపులా కలిపి 200కి 0.28, ఇప్పుడు 100కి 0.14, రెండు లెక్కలూ కలిశాయి. కాబట్టి వంకర తలలో కాదు, కాలమ్‌లోనే ఉంది. పని చేసేవాడికి దీని అర్థం ఏమిటంటే, చిన్న డ్రిల్లుతో బెజ్జం వేసి, పెద్ద డ్రిల్లు పట్టడానికి తల ఎత్తగానే బెజ్జం మధ్య తప్పిపోతుంది. ఫేస్ కటర్ పెట్టి వెడల్పు పలక మీద రెండు వరసలు కొడితే మధ్యలో గోటికి తగిలే మెట్టు వస్తోంది.

మీ మెకానిక్ చూపిన మందు కూల్‌డ్రింకు డబ్బా రేకు. కత్తెరతో రెండు ముక్కలు కోసి, కాలమ్ ముందు బోల్టుల కింద పెట్టేస్తే సరిపోతుందన్నాడు. లెక్క నేనూ వేశాను. కాలమ్ అడుగున ముందు, వెనక బోల్టుల మధ్య 160 మిల్లీమీటర్లు, కాబట్టి ముందు 0.22 మందం రేకు కావాలి. డయల్ సున్నాకి వస్తుంది, కాదనను. కానీ అప్పుడు కాలమ్ అడుగు మొత్తం ఆనదు. ముందు రేకు మీద, వెనక అంచు మీద నిలబడి, మధ్యలో బోలుగా ఉంటుంది. ఇనుము మీద కటర్ దిగగానే అదురు మొదలవుతుంది. ఇరవై ఏళ్ల పాత మిషన్‌కి నేనూ రేకులు పెట్టాను. కొత్త మిషన్‌కి మొదటి వారంలోనే రేకు పెట్టడం ఏం పని?

ఇక స్క్రూ సంగతి. దీన్ని నేను ముందు కనిపెట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అందువల్ల ఒక పని పోయింది. కోత మిషన్ బేసు పలకకి నాలుగు బెజ్జాలు వేయాలి. ఎక్స్ వైపు దూరం 120, వై వైపు 80. వై చేతి చక్రం డయల్ మీద ఒక చుట్టుకి 2.5 అని గుర్తులు ఉన్నాయి కాబట్టి, స్క్రూ ఆట తగలకుండా ఒకే వైపు తిప్పుకుంటూ సరిగ్గా 32 చుట్లు తిప్పాను. పలక తీసుకెళ్లి బిగిస్తే రెండు బోల్టులు దిగాయి, రెండు దిగలేదు. అక్కడే నిలబడి చూస్తున్న షావుకారు, "ఏటి బావూ, కొత్త మిషనని సంబరపడ్డావు, పాత ఆకురాయి పనే నయిం కదేటి" అన్నాడు. పదిమంది పనివాళ్ల ముందు.

ఇంటికొచ్చి వెర్నియర్ పెడితే వై వైపు 81.28. మొదట నేనే చుట్లు తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి, పైకి లెక్కపెడుతూ పది చుట్లు తిప్పాను. డయల్ ప్రకారం 25 రావాలి. 25.4 వచ్చింది. ఆ అంకె చూడగానే ఏ ఫిట్టరుకైనా తెలుస్తుంది, అది సరిగ్గా అంగుళం. అంటే చుట్టుకి అంగుళంలో పదో వంతు నడిచే స్క్రూ వేసి, దాని మీద 2.5 మిల్లీమీటర్ల డయల్ బిగించారు. ఎక్స్ వైపు స్క్రూ మాత్రం సరైనదే. మీ ఫ్యాక్టరీలో అంగుళాల మిషన్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశారన్నమాట. 40 చుట్లకి 1.6 మిల్లీమీటర్లు తప్పే మిషన్‌తో నేను ఎవరికి ఏం చేసి ఇవ్వను?

దీనికి మీ ఆఫీసు నుంచి వచ్చిన సలహా, "డీఆర్‌ఓ పెట్టుకోండి సార్, డిస్కౌంటు ఇస్తాం" అని. డీఆర్‌ఓ అంటే టేబులు నిజంగా ఎంత కదిలిందో అంకెల్లో చూపే మీటరు. తప్పు స్క్రూ మీరు వేసి, దాన్ని కనిపెట్టే యంత్రం నాకు అమ్ముతారా?

అసలు నాకు ఎక్కువ బాధ కలిగించినది వేరే ఉంది. డబ్బాలో మీ టెస్టు కాగితం వచ్చింది. సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. స్పిండిల్‌కి టేబులుకి లంబం 300 మిల్లీమీటర్లకి 0.03 వరకు ఉండవచ్చు, కనిపించినది 0.02 అని రాసి ఉంది. 300కి చూస్తే నా మిషన్‌లో తేడా 0.42 అవుతుంది. ఇంత దూరం ఎలా వచ్చిందా అని రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి మా అబ్బాయి కాగితం మీద సీరియల్ నంబరు, మిషన్ పలక మీద నంబరు పక్కపక్కన పెట్టి చూపించాడు. చివరి మూడు అంకెలు వేరు. ఆ కాగితం ఈ మిషన్‌ది కాదు. నా మిషన్ని కొలిచారో లేదో నాకు తెలీదు. కొలిచి ఉంటే పంపేవారు కాదని నా నమ్మకం. రెండు నంబర్ల ఫోటోలు కూడా జతచేశాను.

పోయిన వారం మీ బ్రాంచి వారు ఫోను చేసి, కటర్ని బిగించి పట్టే ఈఆర్ 32 కాలెట్ల సెట్టు ఉచితంగా పంపుతాం, విషయం ఇక్కడితో వదిలేయండి అన్నారు. వద్దన్నాను. ఒరిగిన స్పిండిల్‌లో ఎంత మంచి కాలెట్ పెట్టినా కటర్ ఒరిగే తిరుగుతుంది.

నాకు కావలసినది ఇది. వై వైపు 2.5 పిచ్ స్క్రూ, దానికి సరిపడే నట్టుతో సహా ఇవ్వండి. స్క్రూ ఒక్కటే పంపితే పాత నట్టులో అది నడవదు. కాలమ్ పీటని మీ ఫ్యాక్టరీలో గ్రైండింగు చేసో స్క్రేపింగు చేసో సరిచేయండి, లేదా వేరే మిషన్ ఇవ్వండి. రానూపోనూ లారీ కిరాయి మీదే. తిరిగి వచ్చేటప్పుడు ఆ మిషన్‌నే కొలిచిన కాగితం ఉండాలి. ఇవేవీ కుదరకపోతే మిషన్ తీసుకెళ్లి 2,53,700 వెనక్కి ఇవ్వండి. చెడిపోయిన పలక ఖరీదు నేను అడగడం లేదు. అది కొలవకుండా నమ్మినందుకు నా జరిమానా.

మీకు ఈ ఉత్తరం అందిన 15 రోజుల వరకు చూస్తాను. ఆ తరువాత శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. "మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుడి కిందకి రారు" అని మీ బ్రాంచి అతను అన్నాడు. 2019 చట్టంలో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నది వ్యాపార అవసరం కిందకి రాదని స్పష్టంగా రాసి ఉంది. ఈ గదిలో పని చేసేది నేను ఒక్కడినే, సెలవుల్లో మా అబ్బాయి. కేసు మీ ఊళ్లోనే వేయాలని కూడా లేదు, నేను ఉండే జిల్లాలో వేయవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. 1915కి ఫోను చేసి ఇప్పటికే ఒక ఫిర్యాదు రాయించాను.

మిషన్ ఉన్నది ఉన్నట్టు ఉంచాను, రేకులు పెట్టలేదు, బోల్టులు తిరిగి బిగించాను. మా సందులోకి పెద్ద లారీ రాదు, చిన్న ట్రక్కు పంపండి. దించడానికి, ఎక్కించడానికి చైన్ బ్లాకు నా దగ్గర ఉంది. మీ మనిషిని మాత్రం డయల్, మాగ్నెట్ స్టాండు వెంట తెచ్చుకోమనండి. పోయినసారి వట్టి చేతులతో వచ్చి నావి అడిగాడు.

ఇట్లు,
మీ మిషన్ కొన్న ఫిట్టరు

జతపరచినవి: బిల్లు నకలు, డయల్ కొలతల ఫోటోలు, టెస్టు కాగితం నకలు, రెండు సీరియల్ నంబర్ల ఫోటోలు, చెడిపోయిన బేసు పలక ఫోటో.