ఉద్దానం జీడిపండుతో గ్యాస్ చేయండి

సంపాదకులకు,

బయోగ్యాస్ ప్లాంట్ల కోసం మన రాష్ట్రంలో నేపియర్ గడ్డి పెంచుతామంటున్నారు, 2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో ఒక ప్లాంటుకి శంకుస్థాపన కూడా చేశారు. సంతోషం. కానీ మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గడ్డి పెంచే పని కూడా లేదండీ. వేసవిలో వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో ఏ జీడితోటలోకి వెళ్లినా తెలుస్తుంది, పిక్క తుంచుకుని పండు చెట్టుకిందే పడేస్తాం. పిక్క బరువుకి ఐదారు రెట్లకు పైనే ఉంటుంది పండు. ఆవులు కొన్ని తింటాయి, మిగతాదంతా కుళ్లి, ఈగలు ముసిరి, పులిసిన వాసన కొడుతుంది.

ఆ పులుపు వెనకున్న చక్కెరే గ్యాస్‌కి ముడిసరుకు. గాలి చొరబడని ట్యాంకులో సూక్ష్మజీవులు దాన్ని మీథేన్ అనే మండే గ్యాస్‌గా మారుస్తాయి, మన గోబర్ గ్యాస్ పద్ధతే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. జీడిపండు తొందరగా పులుస్తుంది, ఒకేసారి ఎక్కువ పోస్తే ఆమ్లం పెరిగిపోయి మీథేన్ చేసే సూక్ష్మజీవులు పనిచేయడం మానేస్తాయి, అందుకని పేడ కలుపుతూ రోజూ కొద్దికొద్దిగా వేయాలి. పిక్క పైతొక్క మాత్రం అందులో వేయకూడదు, దానిలో ఉండే జీడి నూనె ఆ సూక్ష్మజీవులకి పడదు.

సీజన్ రెండు మూడు నెలలే కదా, తర్వాత ప్లాంటు మూసేయాలా అని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ పలాస-కాశీబుగ్గలో హోటళ్లు, కల్యాణ మండపాలు, కూరగాయల మార్కెట్, కోళ్ల దుకాణాలు ఏడాదంతా నడుస్తూనే ఉంటాయి, వాటి చెత్త ఇప్పుడు పోయేది డంపింగ్ యార్డుకే. ఇండోర్‌లో 2022లో మొదలైన ప్లాంటు రోజుకి 550 టన్నుల తడిచెత్త తీసుకునేలా కట్టింది. మనకి అంత పెద్దది అక్కర్లేదు, అందులో పదో వంతుకన్నా చిన్నదైనా చాలు.

గ్యాస్ ఎవరు కొంటారంటే, కొనేవాళ్లు పక్కనే ఉన్నారు. జీడి ఫ్యాక్టరీల్లో పిక్క ఉడకబెట్టడానికి, పప్పు ఆరబెట్టడానికి వేడి కావాలి, ఇప్పుడు చాలాచోట్ల తొక్కో కట్టెలో కాలుస్తున్నారు, ఆ పొగ సంగతి కాశీబుగ్గ జనానికి నేను చెప్పక్కర్లేదు. బాయిలర్‌లో మండించడానికైతే గ్యాస్‌ని వాహనాల ఇంధనం స్థాయికి శుద్ధి చేసి సిలిండర్లలోకి ఎక్కించే ఖర్చు కూడా ఉండదు, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసేస్తే పైపులో నేరుగా పంపొచ్చు. బీరు, చక్కెర ఫ్యాక్టరీలకి ఇదేమీ కొత్త కాదు. నెదర్లాండ్స్‌లో లెట్టింగా అనే శాస్త్రవేత్త 1970ల్లోనే చక్కెర ఫ్యాక్టరీ మురుగునీటి నుంచి గ్యాస్ తీసి చూపించారు, ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో బీరు ఫ్యాక్టరీలు ఆ పద్ధతిలోనే తమ మురుగునీటితో గ్యాస్ చేసి తమ బాయిలర్లలోనే వాడుకుంటున్నాయి. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటీ చేసుకోగలిగిన పనిని మన చిన్న చిన్న జీడి ఫ్యాక్టరీలు కలిసి చేసుకోవాలి, విడివిడిగా ఎవరివల్లా కాదు.

గ్యాస్ తీశాక ట్యాంకులోంచి వచ్చే స్లర్రీ, అంటే మిగిలిన చిక్కటి ద్రవం, తిరిగి మా తోటలకే ఇవ్వాలి. మావి ఇసుక నేలలు, ఎంత ఎరువేసినా నిలవదు, సేంద్రియ పదార్థం ఎంత వస్తే అంత మంచిది.

కలెక్టర్ గారికి, ఎమ్మెల్యే గారికి, జీడి ఫ్యాక్టరీల సంఘానికి నాది ఒకటే విన్నపం. వచ్చే సీజన్‌కి ముందే పలాసలో ఒక చిన్న ప్లాంటు పెట్టండి, పండు కిలోకి ఎంతిస్తారో ఫిబ్రవరిలోనే ప్రకటించండి. పండు ఏరి, బుట్టలకెత్తి, ఆటోలో రోడ్డు దాకా తేవడానికి కూలి అవుతుంది. ఆ కూలైనా గిట్టకపోతే ఏ రైతూ తేడు, ప్లాంటు ఖాళీగా ఉంటుంది, అప్పుడు రైతులు సహకరించలేదని మా మీద రాయకండి.

ఇట్లు,
ఒక జీడి రైతు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా