అఫిడవిట్‌ను పెన్సిల్‌తో దిద్దిన న్యాయవాది గారికి

కుటుంబ న్యాయస్థానం వరండాలో నా పక్కన బెంచీ మీద కూర్చున్న మేడమ్, ఆ రోజు మీ పేరు అడగడం మరిచిపోయాను. మా కేసులో మీరు ఎవరి తరఫూ కాదు. అయినా నా చేతిలోని అఫిడవిట్ చూసి పెన్సిల్ తీశారు. "క్రూరుడు", "ఎప్పుడూ", "ఏనాడూ"... అన్నీ కొట్టేసి, పక్కన "తేదీ?" అని రాశారు. "తిట్లకు సాక్ష్యం దొరకదమ్మా, తేదీలకు దొరుకుతుంది" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి తిరగరాస్తే ఆరు పేజీలు కాస్తా రెండున్నర అయ్యాయి.

పాపను తండ్రికి చూపించనని నేను మొండికేస్తే, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక గురించి చెప్పారు. తల్లిదండ్రులు విడిపోయినా, బిడ్డ మేలుకు విరుద్ధం కానంతవరకు, ఇద్దరితోనూ సంబంధం నిలుపుకోవడం బిడ్డ హక్కని 9వ అధికరణం అంటుందట. బిడ్డ మాట కూడా వినాలని 12వ అధికరణం. నేనేమో అది నా హక్కా, ఆయన హక్కా అని కొట్లాడుతున్నాను!

పదేళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత లా చదివానన్నారు. మీరు దిద్దే తీరులోనే తెలిసిపోయింది లెండి.

ఇప్పుడు పాప ఆదివారాలు నాన్న దగ్గరికి వెళుతోంది. పెన్సిల్ గీతలున్న ఆ కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. కృతజ్ఞతలు మేడమ్.