అక్రా టూర్‌లో కేప్ కోస్ట్ తీసేశాం

ఘనా చూడ్డానికి మాతో వచ్చేవాళ్లకీ, ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకీ నమస్కారం. ‘ఒక్కరోజులో అక్రా, కేప్ కోస్ట్’ ప్యాకేజీ ఇక ఉండదు. రోజంతా ఘనా రాజధాని అక్రాకే. మనిషికి రేటు కూడా కొంత పెరుగుతుంది. ఎందుకో దాచకుండా చెబుతాను.

ట్రాఫిక్‌తో కలిపి కేప్ కోస్ట్ అనే తీరపట్టణానికి రానూపోనూ ఆరేడు గంటలు కారులోనే గడిచిపోతాయి. ఇక అక్రాకి మిగిలేది బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో ఒక ఫొటో, ఘనా తొలి అధ్యక్షుడు ఎన్‌క్రూమా సమాధి దగ్గర ఇంకో ఫొటో. 1877లో గోల్డ్ కోస్ట్ (బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఘనా పేరు) రాజధాని అయిన ఊరు ఇది. దాన్ని కారు అద్దంలోంచి చూపించి డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

కొత్త టూర్ పొద్దున్నే జేమ్స్‌టౌన్‌లో మొదలవుతుంది, నడక మీదే. అది గా జాతి జాలర్ల పాత పేట. 1673లో ఇంగ్లిష్‌వాళ్లు కట్టిన జేమ్స్ ఫోర్ట్, దగ్గర్లోనే డచ్చివాళ్ల నాటి అషర్ ఫోర్ట్ ఉన్నాయి. రెండూ బానిస వ్యాపారం నడిచిన కోటలే, తర్వాత జైళ్లయ్యాయి. ఎన్‌క్రూమా జేమ్స్ ఫోర్ట్‌లో ఖైదీగా ఉండగానే 1951 ఎన్నికల్లో గెలిచాడు. ఇవన్నీ చెప్పడానికి ఆ పేటలో పుట్టిపెరిగిన గైడ్‌నే పెడుతున్నాం. రేటు పెరగడానికి మొదటి కారణం వాళ్లకిచ్చే డబ్బు. అందులో బేరం వద్దు.

గా జాలర్లు మంగళవారం వేటకు వెళ్లరు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. చేపల సందడి కావాలంటే వేరే రోజు ఎంచుకోండి. ఎవరినైనా ఫొటో తీసే ముందు తప్పకుండా అడగండి.

మధ్యాహ్నం భోజనం కెంకే. పులిసిన మొక్కజొన్న పిండిని పొత్తుల పొట్టులో చుట్టి ఉడికిస్తారు. పొట్టు విప్పగానే ఆవిరితో పాటు పుల్లటి వాసన వస్తుంది. వేయించిన చేప, టమాటా, ఉల్లి, మిరపకాయలు నూరిన పచ్చడి పక్కన పెడతారు. ఆ కారం మనవాళ్లకి వెంటనే నచ్చేస్తుంది. శాకాహారులకి ‘రెడ్ రెడ్’, అంటే ఎర్ర పామాయిల్లో వండిన అలసందలు, వేయించిన అరటిపండు. అందులో చేప వేసే అలవాటుంది కాబట్టి, వేయొద్దని మేమే ముందుగా చెప్పి వండిస్తాం.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, అప్పట్లో బ్రిటిష్ గవర్నరు ఉండే ఓసు కోట వైపు వెళ్లే కూడలి. రెండో ప్రపంచయుద్ధంలో గోల్డ్ కోస్ట్ సైనికులు ఇండియా మీదుగా వెళ్లి బర్మాలో జపాన్‌తో పోరాడారు. తిరిగొచ్చాక ఇస్తామన్న పింఛన్లు అందలేదు. 1948 ఫిబ్రవరి 28న గవర్నరుకి అర్జీ ఇవ్వడానికి ఆయుధాల్లేకుండా నడిచి వెళ్తుంటే ఈ దారిలోనే కాల్పులు జరిగాయి. సార్జెంట్ అజెటే, కార్పోరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే చనిపోయారు. ఊరు భగ్గుమంది. తొమ్మిదేళ్లకు, 1957 మార్చి 6న, స్వాతంత్ర్యం వచ్చింది. 1942లో రంగూన్ వదిలి కాలినడకన వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాల వాళ్లు మాతో వస్తుంటారు. వాళ్ల తాతలు పారిపోయి వచ్చిన బర్మాలోనే ఈ మనుషులు యుద్ధం చేశారు. ఇక్కడ అయిదు నిమిషాలు ఆగి కారెక్కితే సరిపోదు.

సాయంత్రం ఎన్‌క్రూమా స్మారక పార్కు. స్వాతంత్ర్యం ప్రకటించిన పోలో మైదానం అదే. 1966 సైనిక కుట్రప్పుడు కూల్చిన పాత విగ్రహాన్ని అక్కడే పెట్టారు, తల విడిగా ఉంటుంది. 2023లో పార్కు బాగుచేసి తెరిచాక విదేశీయుల టికెట్ పెంచారు. రేటుకి రెండో కారణం అది.

గాంధీ విగ్రహం చూపించమని చాలామంది అడుగుతున్నారు. అక్రాలోని లెగాన్ యూనివర్సిటీలో 2016లో పెట్టిన ఆ విగ్రహాన్ని 2018లో తీసేశారు. ఆఫ్రికన్ల గురించి ఆయన యువకుడిగా రాసిన మాటల మీద అధ్యాపకులు, విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. గైడ్‌ని అడగండి, ఓపిగ్గా చెబుతారు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఇండియాలో దిగాక క్వారంటైన్‌లో పెడతారు.

పాత ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టినవాళ్లకి పాత రేటుకే కొత్త టూర్ ఇస్తాం. వద్దనుకుంటే మొత్తం డబ్బు వెనక్కిస్తాం. కేప్ కోస్ట్ కావాలంటే అక్కడ ఒక రాత్రి ఉండేలా వేరే ఏర్పాటు చేస్తాం. ఏది కావాలో వాట్సాప్‌లో చెప్పండి.