పుదుచ్చేరిలో ఉన్న అమ్మలుకి

అజిత్ సింగ్ నగర్,
విజయవాడ

అమ్మలూ,

ఇంకో సెమిస్టర్‌తో ఎమ్మెస్సీ అయిపోతుంది, ఎకాలజీ చదివి ఏం చేస్తాను నాన్నా అని మొన్న ఫోన్లో అడిగావు. పక్కన మీ అమ్మ ఉంది, నేనేదో నసిగి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

బైపీసీ అవ్వగానే నిన్ను నీట్ లాంగ్ టర్మ్‌లో వేస్తానని గొడవ చేసింది నేనే. ఉప్పలపాడులో గూడబాతుల్ని చూస్తూ నువ్వు అన్నం సంగతే మర్చిపోయిన రోజు, "కొంగల్ని లెక్కపెట్టడానికి కూడా చదువు కావాలా?" అన్నది కూడా నేనే. 2024 సెప్టెంబరులో బుడమేరు మన ఇంట్లోకి వచ్చేసరికి నువ్వు పుదుచ్చేరిలో చేరి ఎన్నాళ్లో కాలేదు. మేమిద్దరం మేడ మీద. ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపూ నువ్వు చెబుతూనే ఉన్నావు. బుడమేరు పోయి కలవాల్సింది కొల్లేరులో, అక్కణ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో, మధ్యలో చేపల చెరువుల గట్లు అడ్డుంటే నీళ్లు ఎట్లా దిగుతాయి అని. కొల్లేరుకి 2002లో రామ్‌సర్ గుర్తింపు, అదే చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిందనీ, 2006లో గట్లు కొట్టేసినా మళ్లీ లేచాయనీ అప్పుడే తెలిసింది. అన్నేళ్లూ కొల్లేరంటే నాకు చేపల పులుసే!

ఇక నీ భయం. అది ఉత్తదేం కాదు. ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగాలు ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు, ప్రాజెక్టు అయిపోతే అదీ అయిపోతుంది. కానీ డిగ్రీలో నీకు బాటనీ, జువాలజీ రెండూ ఉన్నాయి, అంటే యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయొచ్చు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000. మన షాపులో కొన్ని నెలలు అంత మిగలదు, మీ అమ్మకు చెప్పకు. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలి కదా, ఆ రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలకు జీవవైవిధ్యం తెలిసినవాళ్లు కావాలి. జీతం బాగానే ఉండొచ్చు. కాకపోతే పిట్టలున్నచోట లేవని సంతకం పెట్టమంటే పెట్టకు, ఇంటికొచ్చెయ్.

మ్యాపులు, లెక్కలు వచ్చిన సీనియర్లకే ముందు పిలుపొచ్చిందని నువ్వే అన్నావు. మ్యాపులు చేసే ఆ జీఐఎస్ మాత్రం వదలకు. పిట్టల పేర్లు నీకు ఎలాగూ వచ్చు.

నీ జీతం మీద ఇల్లు గడవాల్సిన పని లేదు. వరదప్పుడు చేసిన అప్పు దసరాకి తీరిపోయింది. ఓ రెండు మూడేళ్లు అటూ ఇటూ తిరుగు, ఏం కాదు. "మొక్కల డాక్టరా?" అని మీ పిన్ని అడిగింది. అవునన్నాను, ఎవరు వివరిస్తారు.

నెట్ పరీక్ష ఫీజుకి ఫోన్‌పే చేశాను. మిగిలినవాటితో బూట్లు కొనుక్కో, ఆ పాతవి మళ్లీ కుట్టించకు.

నాన్న