బావ సంతకం పెట్టిన కాగితం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో బావ గురించి అడిగితే హడావుడిలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. ఇవాళ సెలవు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటల డయాలసిస్. వచ్చాక సోఫాలో వాలిపోతాడు. అక్క నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి ఇస్తోంది.

పోయిన నెల ఆసుపత్రి వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. కేడీపీఐ (దాత కిడ్నీ ఎంత కాలం పనిచేస్తుందో అంచనా వేసే అంకె) 85 దాటిన కిడ్నీ వస్తే తీసుకుంటారా, ఒప్పుకుంటే సంతకం పెట్టండి అని. "పాడైపోయింది అంటగడతారేమోరా" అని బావకి ఒకటే టెన్షన్. సరే, ఆ అంకె సంగతేంటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ మనసు పాడైంది.

అమెరికాలో చనిపోయినవాళ్ల నుంచి తీసిన ప్రతి కిడ్నీకీ సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె వేస్తారు. తక్కువుంటే మేలు. 85 వచ్చిందంటే, అంతకుముందు ఏడాది తీసిన కిడ్నీల్లో నూటికి 85 దీనికన్నా ఎక్కువ కాలం పనిచేస్తాయని అంచనా. దాత వయసు, ఎత్తు, బరువు, బీపీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), ఎలా చనిపోయారన్నది, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. అంతవరకూ న్యాయమే. కానీ దాత నల్లజాతి మనిషా అన్నది కూడా అందులో ఉండేదిరా! ఒకే వయసు, ఒకే బరువు, ఒకే క్రియాటినిన్ ఉన్న దాతలు ఇద్దరున్నారనుకో. వాళ్లలో నల్లజాతి దాత కిడ్నీ పాడయ్యే ప్రమాదం సుమారు 20 శాతం ఎక్కువని ఆ సూత్రమే తేల్చేసేది. అంకె పెరిగితే ఆసుపత్రులు వెనకాడతాయి. ఇక్కడ తీసిన కిడ్నీల్లో దాదాపు నాలుగో వంతు ఎవరికీ పెట్టకుండానే పోతున్నాయి. కొడుకు పోయిన దుఃఖంలో కూడా ఇంకొకరు బతకాలని ఇచ్చిన తల్లిదండ్రుల సంగతి ఆలోచించు.

ఎవరో కక్షతో చేశారని నేననను. 2009లో ఆ సూత్రం కట్టినప్పుడు పాత రికార్డుల్లో సగటు అలా తేలింది. దానికి కొంత కారణం ఏపీఓఎల్1 అనే జన్యువు. అందులో కిడ్నీకి ప్రమాదకరమైన మార్పులు, అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్లు ఇక్కడి నల్లజాతివారిలో సుమారు 13 శాతం. మరి నూటికి మిగతా 87 మంది కిడ్నీలు ఏం పాపం చేశాయి? చూడాల్సింది జన్యువునైతే రంగుని చూశారు.

బావ పక్క కుర్చీలో ఒక నల్లజాతి పెద్దాయన డయాలసిస్ చేయించుకుంటాడు. రిటైరైన బస్సు డ్రైవరు, బావకి దుప్పటి సర్దేంత మంచివాడు. ఆయనకి దెబ్బ అవతలి వైపు నుంచి తగిలింది. కిడ్నీ పనితీరుని చెప్పే అంకె 20కి పడిపోతేనో, డయాలసిస్ మొదలైతేనో వెయిటింగ్ లిస్టులో రోజులు లెక్కకొస్తాయి. ఆ అంకెని లెక్కగట్టే పాత సూత్రం (ఇది దాత సూత్రం కాదు, వేరే) నల్లజాతివారికి దాన్ని 16 శాతం పెంచి చూపేది. మామూలుగా 18 రావాల్సింది 21 అయ్యేది. అంటే ఇంకా బాగానే ఉన్నావు, ఆగు అని. 2022లో ఆ పద్ధతి ఆపారు, 2023లో పోయిన రోజులు తిరిగి కలపడం మొదలుపెట్టారు. ఆయనకి రెండేళ్లు కలిశాయట. ఆ సంగతి చెప్పిన ఉత్తరం మడిచి పర్సులో పెట్టుకున్నాడు, తీసి చూపించాడు. ఇచ్చేటప్పుడు మీ కిడ్నీ నాసిరకం అన్నారు, అడిగేటప్పుడు మీ కిడ్నీ బాగానే ఉందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాత అంకెలోంచి కూడా రంగుని 2024 అక్టోబరు చివర్లో తీసేశారు. దాంతోపాటు దాతకి హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్) ఉందా అన్న లెక్క కూడా పోయింది, ఇప్పుడు అది మాత్రలతో నయమవుతోంది కదా. పదేళ్ల ముందే తీయాల్సిందని నా బాధ. రేపు జన్యు పరీక్ష పెడితే దాతలందరికీ పెట్టాలి. నల్లగా కనిపించినవాళ్లకే పెడితే మళ్లీ మొదటికొచ్చినట్టే.

ఇదంతా బావకి కూర్చోబెట్టి చెప్పాను. 85 దాటినంత మాత్రాన పనికిరానిది కాదని, ఆయన వయసులో ఏళ్లతరబడి డయాలసిస్ మీద ఎదురుచూడటం కన్నా చాలామందికి అదే మేలని డాక్టరు కూడా చెప్పాడు. సంతకం పెట్టాడు. ఇప్పుడు ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాడు.

నీకు షుగరొచ్చి ఆరేళ్లైంది. ఈ నెల్లో క్రియాటినిన్ చేయించుకుని, రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు. మర్చిపోయానంటే ఊరుకోను.

నీ
రవి