మావా, ఆ 20-50 డబ్బా పక్కన పెట్టు

ఒరే మావా,

నీ మెసేజ్ చూశాను. పాత బండికి చిక్కటి ఆయిలే మంచిదని మీ మేస్త్రి అన్నాడనీ, 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ డబ్బా తెచ్చి షెడ్డులో పెట్టేశాడనీ, పోయించెయ్యమంటావా అనీ అడిగావు. వద్దు. ఈ ఒక్క మాట ఫోన్లో చెప్పేస్తే సరిపోదా అంటే, సరిపోదు. నీ సంగతి నాకు తెలుసు కదా. మేస్త్రి ఎదురుగా నిలబడి నాలుగు మాటలు చెప్పేసరికి "సరేలే అన్నా, నీ ఇష్టం" అనేస్తావు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

మేస్త్రిని తప్పుపట్టడం లేదురా. ఆయన చెయ్యి తిరిగింది అంబాసిడర్ల మీద, పద్మినీల మీద. ఆ ఇంజన్లలో చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు కాస్త తగ్గేది, కారడమూ కాస్త తగ్గేది. నీ బండీ పాతదే గానీ, ఆ పాత వేరు, ఈ పాత వేరు. నాలుగు తలుపులూ పెద్ద డిక్కీ చూసి మీ నాన్నగారు ఫ్యామిలీ కారే కొన్నావని సంబరపడుతుంటే పడనీ. నీ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ బానెట్ కింద ఉన్నది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, అంటే గాలిని గట్టిగా లోపలికి ఊదే చక్రం ఉన్న ఇంజను. సిలిండర్‌కి ఐదేసి చొప్పున ఇరవై వాల్వులు, 150 హార్స్‌పవర్. దానికి అంబాసిడర్ లెక్క పనికిరాదు.

ముందు ఆ అంకెల సంగతి తేల్చుకుందాం. నీ బండికి నేను పొయ్యమనేది 5డబ్ల్యూ-40. ఆ అంకెలు రెండు వేర్వేరు పరీక్షల ఫలితాలు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె, గడ్డకట్టే చలిలో ఇంజను తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డం పడుతుందో చెబుతుంది. 5డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు. వెనకున్న అంకె, 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 40 అంటే ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే కొలత) మధ్య, 50 అంటే 16.3 నుంచి 21.9 మధ్య. ఇది అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం వాళ్ల ప్రమాణం, జే300 అంటారు. 

ఇక్కడే మీ మేస్త్రి ఒక పాయింటు లాగుతాడు. "శ్రీకాకుళంలో మైనస్ ముప్పై ఎక్కడిది బాబూ? పుష్యమాసంలో మఫ్లర్ కట్టుకుంటేనే గొప్ప. మనకి 5డబ్ల్యూ దేనికి?" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇంజనుకి చలి అంటే మన చలి కాదు. ఆయిల్ పని చెయ్యాల్సింది 100 డిగ్రీల దగ్గర. దానికి మన 30 డిగ్రీల ఉదయం కూడా చలే. అరిసెల పాకం పొయ్యి మీదున్నప్పుడు ఒకలా, దించి చల్లారాక ఇంకోలా ఉండటం చూశావుగా, అంతే ఇదీనూ. ఆ 30 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50, 5డబ్ల్యూ-40 కంటే దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. ఇంజను అరుగుదలలో పెద్ద వాటా స్టార్ట్ చేసిన ఆ మొదటి క్షణాలదీ, వేడెక్కేలోపు కాలానిదీ. అప్పుడు పైకి త్వరగా చేరే ఆయిల్ కావాలి.

నీ బండిలో పైన ఏమేం ఎదురుచూస్తుంటాయో చెప్తాను. వాల్వులని నొక్కే హైడ్రాలిక్ ట్యాపెట్లు, వాటిలో ఆయిల్ నిండాలి. వాల్వులని ఆడించే రెండు క్యామ్‌షాఫ్టులనీ కలిపే చిన్న చైను ఒకటి ఉంటుంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెజర్ మీదే నిలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా టర్బో. దాని షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆ షాఫ్టుని మోసేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. పొద్దున్న ఇంట్లోంచి తీసి సెల్ఫ్ కొట్టినప్పుడు బానెట్ ఎత్తి చెవి పెట్టి విను. ట్యాపెట్ల టిక్ టిక్ రెండు మూడు సెకన్లలో ఆగిపోతే సరే. పక్కింటి బండి బయటికి వెళ్లిపోయాక కూడా నీది ఇంకా టకటకలాడుతోందంటే ఆయిల్ అక్కడికి ఆలస్యంగా చేరుతోందన్నమాట. 

చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెజర్ పెరుగుతుంది కదా అంటావు. పెరుగుతుంది. కానీ ప్రెజర్ అంటే రక్షణ కాదు మావా, ఆయిల్ వెళ్లడానికి ఎంత అడ్డం ఉందో చెప్పే లెక్క. చల్లటి ఇంజనులో చిక్కటి ఆయిల్ ఉంటే ప్రెజర్ హద్దు దాటి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, పంపు తోసిన ఆయిల్లో కొంత మళ్లీ ఇంజను కింద ఆయిల్ నిలవుండే ఛాంబర్‌లోకే పోతుంది. ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వు కూడా తెరుచుకోవచ్చు, అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకి వెళ్తుంది. ప్రెజర్ గేజి పెడితే ముల్లు మాత్రం దర్జాగా పైన నిలబడుతుంది, అది చూసి మనం మురిసిపోతాం.

ఇక ఎండల మాట. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, పల్చటి ఆయిల్ నీళ్లయిపోతుంది" అని నాకూ చాలామంది చెప్పారు. బయట 25 ఉన్నా 42 ఉన్నా, థర్మోస్టాటూ రేడియేటరూ బాగుంటే ఇంజను నీళ్లు 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. హైవే మీద మామూలుగా పోతే ఆయిల్ వేడి 90కీ 110కీ మధ్య ఆడుతుంది. ఎండకి పెరిగేది కొంచెమే. అసలు పెంచేది లోడు. రణస్థలం దాకా హైవే మీద వెళ్లి రావడానికి ఇంజను చెమటోడ్చదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం వేరే కథ. ఏసీ వేసుకుని, ముందు లోడు లారీ, సెకండ్ గేరూ థర్డ్ గేరూ మార్చి మార్చి, టర్బో ఊదుతూనే ఉంటుంది. అక్కడ 120 తగిలినా ఆశ్చర్యం లేదు. 100 దగ్గర 14 సెంటీస్టోక్స్ ఉన్న 5డబ్ల్యూ-40, 120కి వచ్చేసరికి తొమ్మిదీ పదీ మధ్యకి దిగిపోతుంది. 

అందుకే డబ్బా మీది అంకె ఒక్కటే చూడకూడదు. హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఇంకో లెక్క ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలిగిపోతున్నప్పుడు కూడా ఆయిల్ ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెప్పేది అదే. చవక మల్టీగ్రేడ్‌లో (ఇలా రెండు అంకెలున్న ఆయిల్‌లో) చిక్కదనం చాలావరకు పాలిమర్ల మీద ఆధారపడి ఉంటుంది. అవి చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడికి సాగుతాయి. టర్బోలోనూ బేరింగుల్లోనూ నలిగి నలిగి తెగిపోతాయి కూడా. కొన్ని వేల కిలోమీటర్లకి 40 కాస్తా 30లా తయారవుతుంది. మంచి సింథటిక్‌లో ఆ పాలిమర్ల అవసరం తక్కువ. నీ బండికి హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కి తగ్గకూడదు. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఏ3/బీ4 అని ఉందంటే అది 3.5 దాటినట్టే లెక్క. ఆ పక్కనే స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల 502 00 అప్రూవల్ ఉందో లేదో చూడు. నీకు కావలసింది ఆ అంకె, 40 కన్నా ముందు అది. షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40 మీదా, మోటుల్ ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40 మీదా ఉంటుంది. ఏది దొరికితే అది తీసుకో, కంపెనీ పేరు మీద నాకు పట్టుదల లేదు.

నీకు ఇంకో సలహా కూడా వస్తుందని ముందే చెప్తున్నాను. సాలూరులో లారీల వాళ్లని అడిగితే "15డబ్ల్యూ-40 పోసెయ్యండి, ఘాట్‌లో మా బండ్లు నడవడం లేదా?" అంటారు. అంకె చూస్తే తప్పేం లేదు, వెనక 40 ఉంది, వేడికి బాగానే ఆగుతుంది. కానీ అది డీజిల్ లారీ కోసం కలిపిన ఆయిల్, నీ టర్బో పెట్రోల్ పరీక్షలు దానికి చెయ్యలేదు. అలాగే మీ బావమరిది మారుతిలో 0డబ్ల్యూ-20 పోయించి మైలేజీ పెరిగిందని చెప్తే తల ఊపి ఊరుకో. ఆ ఇంజను దానికోసమే తయారైంది, నీది కాదు. బీఎండబ్ల్యూ వాళ్లు తమ స్పోర్ట్స్ కారు ఈ46 ఎం3కి 10డబ్ల్యూ-60 పొయ్యమన్నారని యూట్యూబ్‌లో చూసి అదీ అడుగుతావని నాకు అనుమానం. ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా గింగిరాలు తిరిగే ఇంజను అది. ఎవరి ఇంజను లెక్క వాళ్లది.

మరి 50 ఎప్పుడూ వద్దా? అలా అనడం లేదు. ఇంజను బాగా వేడెక్కాక, సెన్సర్ ఉన్నచోట మెకానికల్ గేజి పెట్టించి ప్రెజర్ చూడు. వెయ్యి ఆర్‌పీఎంకి (నిమిషానికి వెయ్యి చుట్లకి) పది పీఎస్‌ఐ ప్రెజర్ అన్నది పాత మోటు లెక్క, అసలు అంకె వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. అంతకంటే తక్కువ ఉంటే, వెంటనే చిక్కటి ఆయిల్ మీదకి పోవద్దు. ముందు ఛాంబర్ విప్పించి, పంపు ఆయిల్ లాగే జాలీ, అదే స్ట్రెయినర్, చూడు. ఈ 1.8 టర్బో కుటుంబానికి మడ్డి పేరుకుపోయే జబ్బు ఉంది. ఆయిల్ పోసే మూత తీసి లోపల వేలు పెట్టి రాయి. లేత గోధుమరంగు మరకైతే ఫర్వాలేదు. నల్లగా జెల్లీలా వేలికి అంటుకుందంటే కింద జాలీ కూడా అలాగే మూసుకుపోతోందని అనుమానించు. దాని మీద 20-50 పోయడమంటే ఆ సన్న జాలీలోంచి ఇంకా చిక్కటిది లాగమని పంపుని చంపడమే. స్ట్రెయినర్ శుభ్రం, పంపు బాగుంది, అయినా వేడి మీద ప్రెజర్ తక్కువ, పైగా నెలకోసారి ఘాట్ ఎక్కుతావు అంటే అప్పుడు సింథటిక్ 5డబ్ల్యూ-50 ఆలోచిద్దాం. అప్పుడు కూడా 20డబ్ల్యూ కాదు.

ఆయిల్ తగ్గుతోందన్నావు. పొగ ఎప్పుడు వస్తోందో చూశావా? రాత్రంతా నిలబెట్టి పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు. ఏడు రోడ్ల జంక్షన్లో ట్రాఫిక్‌లో చాలాసేపు ఐడిల్‌లో ఉండి కదిలినప్పుడు వస్తే టర్బో సీళ్లని చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే రింగులు. ఏదీ లేకుండా తగ్గుతుంటే ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపులు చూడు, ఇన్నేళ్లకి ఆ రబ్బరు పెళుసెక్కి చిట్లుతుంది. ఇందులో ఏ ఒక్కటీ ఆయిల్ చిక్కబరిస్తే బాగుపడదు, నాలుగు నెలలు కనపడకుండా ఉంటుందంతే. ఆ నాలుగు నెలల్లో బండి అమ్మేసేవాడికి అది ఉపాయం, నీకు కాదు కదా.

నడిపే పద్ధతి కూడా కాస్త మార్చుకో. నువ్వు వారమంతా ఇంటికీ ఆఫీసుకీ మధ్య రెండేసి కిలోమీటర్లు తిప్పుతున్నావు. ఆయిల్ సరిగ్గా వేడెక్కేలోపే బండి ఆపేస్తే అందులో చేరిన చెమ్మా పెట్రోలూ ఆవిరవ్వవు, ఆయిల్ పల్చబడుతుంది. వారానికోసారైనా నరసన్నపేట దాకా లాగి తీసుకురా. ఘాట్ దిగాక, గట్టిగా తోలాక వెంటనే కీ తియ్యకు, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి మసి కడుతుంది. మార్చడం ఏడెనిమిది వేల కిలోమీటర్లకి, లేదంటే ఏడాదికోసారి, ఏది ముందైతే అది. ఫుల్ సింథటిక్ కదా పదిహేను వేలు వస్తుందని ఎవరన్నా అన్నా వినకు, పాత టర్బోకి అంత పీనాసితనం వద్దు.

కొనేచోట జాగ్రత్త. నాకు ఒకచోట అంటగట్టబోయిన డబ్బాకి మూత కింద సీలు చేత్తో అతికించినట్టుంది, బ్యాచ్ నంబరు గోరుతో గీకితే చెరిగిపోయింది. పేరున్న ఆయిల్ సగం ధరకి ఇస్తామంటే అందులో ఏదో ఉన్నట్టే. బిల్లు తీసుకో.

ఆదివారం వీలు చేసుకుని విజయనగరం వచ్చెయ్. అరసవల్లి వైపు రద్దీ మొదలవ్వకముందే బయల్దేరితే ఎనిమిదికల్లా మా ఇంట్లో ఉంటావు. బండి వేడి మీదే ఉంటుంది కాబట్టి పాత ఆయిల్ బాగా దిగుతుంది. ప్రెజర్ గేజి నా దగ్గరుంది. నువ్వు అయిదు లీటర్ల ఆయిలూ, మంచి ఫిల్టరూ, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరూ తెచ్చుకో. దానికి నాలుగున్నర లీటర్ల దగ్గర పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోద్దాం. ఆ 20-50 డబ్బా మాత్రం సీలు విప్పకుండా మేస్త్రికి తిరిగిచ్చెయ్, మొహమాటపడకు. ఆయనకి అంబాసిడర్ కస్టమర్లు ఇంకా ఉన్నారుగా.

ఉంటాను మరి. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ మావ